వెయ్యి మెయిళ్లు, పది దొంగవి

కాలేజీ మెయిల్ ఐడీ చేతికి రాగానే సీనియర్లు చెప్పే మొదటి జాగ్రత్త ఒకటుంది: ఇంగ్లిష్‌లో తప్పులు కనిపిస్తే అది దొంగ మెయిల్, ముట్టుకోవద్దు. కంప్యూటర్ సెంటర్ తలుపు మీద అతికించే పోస్టర్లలోనూ 'స్పెల్లింగ్ చూడండి, గ్రామర్ చూడండి' అన్న మాటే పై వరుసలో ఉంటుంది. చాలా ఏళ్లుగా చెలామణిలో ఉన్న సలహా కాబట్టి దాన్ని ఎవరూ లెక్క కట్టి చూడరు. ఒకసారి కట్టి చూద్దాం.

ఒక సెమిస్టర్‌లో ఒక విద్యార్థికి వెయ్యి మెయిళ్లు వచ్చాయనుకోండి. (ఇవి ఏ సర్వేలోవీ కావు, లెక్క తీరు తెలియడానికి వేసుకున్న అంకెలు.) వాటిలో 10 దొంగవి, 990 అసలైనవి. దొంగవాటిలో ఆరింటికి భాష కుంటుతోందనుకుందాం. మరి అసలువాటి మాటేమిటి? మన క్యాంపస్ నోటీసులు చదివే అలవాటున్నవాళ్లు ఐదింట ఒకదానిలో తప్పు ఉంటుందంటే పెద్దగా పేచీ పెట్టరు. 990లో ఐదోవంతు 198. తప్పులున్న మెయిళ్లు మొత్తం 204 అయ్యాయి. అందులో దొంగవి 6. నూటికి మూడు కూడా నిండలేదు. తప్పు కనిపించిన ప్రతి మెయిల్నీ దొంగదని పక్కన పడేసే విద్యార్థి 198 అసలు మెయిళ్లు పోగొట్టుకుంటాడు. వాటిలో ఒకటి పరీక్ష ఫీజు గడువుది కావచ్చు. శుభ్రమైన భాషలో వచ్చిన మిగతా నాలుగు దొంగ మెయిళ్లనేమో నమ్మేస్తాడు.

ఈ లెక్కను తిప్పేసింది 198 అన్న అంకె. అది ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే ఏదైనా కాలేజీ నోటీసు బోర్డు ముందు రెండు నిమిషాలు నిలబడితే చాలు. 'ఆల్ ది స్టూడెంట్స్ ఆర్ హియర్‌బై ఇన్‌ఫార్మ్‌డ్ దట్ హూ ఆర్ నాట్ పెయిడ్ ది ఫీజ్...' అని మొదలై, 'ఫెయిలింగ్ విచ్ హాల్‌టికెట్ విల్ నాట్ బి ఇష్యూడ్' అని ముగిసే కాగితం, కింద ప్రిన్సిపాల్ గారి ఆకుపచ్చ సంతకం. వ్యాకరణం ప్రకారం చూస్తే దొంగ కాగితమే. కానీ నూటికి నూరుపాళ్లు అసలైనది. తెలుగులో రాసినా అంతే: 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా' అని ఎత్తుకుని, నాలుగు పంక్తుల దాకా క్రియాపదం రానివ్వరు. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. దొంగ మెయిల్ తొందర పెడుతుంది, భయపెడుతుంది అంటారు. మన అసలు నోటీసులు మాత్రం తక్కువ తిన్నాయా? ఈ రోజు సాయంత్రం 4 గంటల్లోపు, లేనియెడల తగు చర్య తీసుకొనబడును. తొందరా బెదిరింపూ కూడా ఇక్కడ బలమైన గుర్తులు కావు. 'లేనియెడల' లేకుండా నోటీసు రాయడం మన కార్యాలయాలకు రాదు.

అసలు ఈ గ్రామర్ చిట్కా ఎక్కడ పుట్టింది? నైజీరియా యువరాజు ఉత్తరాలతో జనం నోళ్లలో పడింది. ఆ దేశ శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన సెక్షన్ నంబరు 419 కాబట్టి ఆ మోసాలకు ఆ అంకే పేరైంది. ఇంత తేలిగ్గా పట్టుబడిపోయే ఉత్తరాలు ఎందుకు రాస్తారన్న ప్రశ్నకు మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగానికి చెందిన కార్మాక్ హెర్లీ 2012లో ఒక పత్రంలో జవాబిచ్చారు. మెయిల్ పంపడానికి ఖర్చు లేదు, జవాబిచ్చినవాళ్లతో వారాల తరబడి ఉత్తరాలు నడపడానికే ఖర్చు. వందమంది జవాబిచ్చి ఇద్దరే డబ్బు కడితే 98 మంది మీద పెట్టిన శ్రమ వృథా. అందుకే నమ్మశక్యం కాని కథ చెప్పి, అనుమానం వచ్చేవాళ్లను మొదట్లోనే వదిలించుకుంటారు. మిగిలేది అమాయకులే. హెర్లీ చెప్పింది ముఖ్యంగా ఆ కథ గురించి, నైజీరియా పేరు గురించి. తర్వాత జనం దాన్ని వ్యాకరణానికీ అన్వయించుకున్నారు, తర్కం అక్కడా సరిపోతుంది కాబట్టి.

క్యాంపస్‌లో జరిగేది వేరే వ్యాపారం. పాస్‌వర్డ్ దొంగకు ఎవరితోనూ ఉత్తర ప్రత్యుత్తరాలు అక్కర్లేదు. లింకు నొక్కితే లాగిన్ పేజీ, అందులో కొట్టిన అక్షరాలు నేరుగా అతని ఖాతాలోకి. పదిమంది దొరికినా పదివేల మంది దొరికినా శ్రమ ఒకటే. అతనికి జల్లెడ పట్టాల్సిన పని లేదు, అందరూ పడితేనే లాభం. కాబట్టి తప్పుల్లేకుండా రాయడమే అతనికి గిట్టుబాటు.

ఇది కృత్రిమ మేధ వచ్చాక మొదలైన సంగతి కూడా కాదు. 2018 మార్చి 23న అమెరికా న్యాయశాఖ తొమ్మిది మంది ఇరానీయుల మీద నేరారోపణ పత్రం బయటపెట్టింది. ప్రపంచవ్యాప్తంగా లక్షకు పైగా ప్రొఫెసర్ల ఖాతాలకు గురిపెట్టి, దాదాపు 8,000 ఖాతాల్లోకి చొరబడ్డారని అభియోగం. 144 అమెరికన్ విశ్వవిద్యాలయాలు, మరో 21 దేశాల్లో 176. తీసుకుపోయిన సమాచారం 31.5 టెరాబైట్లు. మెయిల్ ఎలా ఉండేదంటే, వేరే విశ్వవిద్యాలయంలోని ఒక ప్రొఫెసర్ రాసినట్టు. మీ వ్యాసం చదివాను, ఆసక్తికరంగా ఉంది, దీనికి సంబంధించినవే ఇంకొన్ని చూడండి అని లింకులు. నొక్కితే సొంత యూనివర్సిటీ లాగిన్ పేజీలాంటి పేజీ. తన వ్యాసం ఎవరో చదివారంటే ఏ అధ్యాపకుడికి మాత్రం చేయి ఆగుతుంది? లక్షకు 8,000 అంటే నూటికి 8. పడినవాళ్లంతా జీవితం మొత్తం ఇతరుల వ్యాకరణం దిద్దినవాళ్లే.

తర్వాత యంత్రాలు వచ్చాయి. 2023లో ఐబీఎం భద్రతా బృందం ఒక ఆరోగ్య సంస్థ ఉద్యోగుల మీద పరీక్ష పెట్టింది. మనుషులు రాసిన ఫిషింగ్ (వివరాలు కాజేసే దొంగ) మెయిల్‌కు 14 శాతం మంది, చాట్‌జీపీటీ చేత రాయించినదానికి 11 శాతం మంది పడ్డారు. మనుషులే గెలిచారని సంబరపడే ముందు ఖర్చు చూడాలి: మనుషుల బృందానికి అలాంటి మెయిల్ తయారీకి 16 గంటలు పడుతుంది, యంత్రానికి ఐదు ఆదేశాలు, ఐదు నిమిషాలు సరిపోయాయి. మరుసటేడు హార్వర్డ్‌కు చెందిన పరిశోధకులు కొందరితో కలిసి 101 మంది మీద చేసిన ప్రయోగంలో ఆ తేడా కూడా చెరిగిపోయింది. మామూలు స్పామ్‌కు 12 శాతం, నిపుణులు ఒక్కొక్కరి వివరాలు చూసి రాసినదానికి 54 శాతం, యంత్రం అదే పని చేసి రాసినదానికీ 54 శాతం. వందమంది మీద చేసిన ప్రయోగం చిన్నదే, ఆ 54ను వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. కానీ తప్పులు వెతికే చిట్కా ఇక ఎంతకాలం నిలుస్తుందో అర్థం చేసుకోవడానికి అది చాలు.

నున్నటి భాష అసలు మెయిల్‌నూ అనుమానంలో పడేయగలదు. 2023 ఫిబ్రవరిలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కాల్పుల్లో ముగ్గురు విద్యార్థులు చనిపోయిన తర్వాత వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలోని పీబాడీ కాలేజీ తన విద్యార్థులకు ఓదార్పు మెయిల్ పంపింది. మాటలన్నీ చక్కగా ఉన్నాయి. అడుగున చాట్‌జీపీటీ నుంచి తీసుకున్నామన్న పంక్తి మిగిలిపోయింది. ఒకే ఘటన జరిగితే 'కాల్పుల ఘటనలు' అని బహువచనం వేశారని కూడా విద్యార్థులు ఎత్తి చూపారు. వ్యాకరణం ప్రకారం ఆ బహువచనం తప్పు కాదు, వాస్తవం ప్రకారం తప్పు. కాలేజీ క్షమాపణ చెప్పుకుంది.

మన పిల్లలకు సంబంధించిన ఉదాహరణ ఇంతకంటే చేదుగా ఉంటుంది. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో 'యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్' అని ఒకటి నడిచింది. చక్కటి వెబ్‌సైట్, లాటిన్ నినాదం, గుర్తింపు సంస్థ జాబితాలో పేరు, విదేశీ విద్యార్థులను చేర్చుకునేందుకు ప్రభుత్వ అనుమతి. క్లాసుల్లేవు, అధ్యాపకుల్లేరు. నడిపింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ ఏజెంట్లే. 2019 జనవరిలో గుట్టు విప్పేనాటికి దాదాపు 600 మంది చేరారు, వాళ్లలో చాలామంది తెలుగువాళ్లు. ఏడాదికి సగటున 12,000 డాలర్ల ఫీజు. చదువు లేదని తెలిసే చేరారని ప్రభుత్వం, మోసపోయామని విద్యార్థులు వాదించుకున్నారు. ఆ తగువు ఎటు తేలినా ఒకటి నిజం: ఆ సంస్థ రాతల్లో వ్యాకరణ దోషం వెతికి ఎవరూ బయటపడగలిగేవారు కాదు.

సరే, మరి దేన్ని చూడాలి? మళ్లీ మన వెయ్యి మెయిళ్ల దగ్గరికి వద్దాం. ఈసారి భాష వదిలేసి, మెయిల్ ఏం అడుగుతోందన్నది ఒక్కటే చూద్దాం. పాస్‌వర్డ్, ఓటీపీ, కార్డు వివరాలు, కొత్త ఖాతాకు డబ్బు, గిఫ్ట్ కార్డు. దొంగవి పదింటిలో తొమ్మిది వీటిలో ఏదో ఒకటి అడుగుతాయి, ఎందుకంటే వాళ్లు వచ్చిందే దానికోసం. అసలు మెయిళ్లలో నూటికి ఒకటి అడుగుతుందనుకున్నా 990లో దాదాపు 10. మొత్తం 19లో 9 దొంగవి. నూటికి మూడు నుంచి 47కు వచ్చాం. ఇప్పుడు ఈ 19ని విడిగా తీసి, పంపినవారి చిరునామా చూద్దాం. దొంగవి తొమ్మిదింటిలో ఎనిమిది బయటి చిరునామాల నుంచి, అసలువి పదింటిలో ఒకటి ఎవరో గుమస్తా సొంత జీమెయిల్ నుంచి వచ్చాయనుకుంటే, చేతిలో మిగిలిన తొమ్మిదింట ఎనిమిది దొంగవే. అంకెలు కొంచెం అటూ ఇటూ జరిపినా తేడా ఇదే స్థాయిలో ఉంటుంది. భాష మనకు నూటికి మూడు చెబితే, అడిగిందీ అడిగిన చోటూ కలిపి 89 చెబుతున్నాయి.

చిరునామా చూడడం అంటే పేరు చూడడం కాదు. ఫోన్‌లో మెయిల్ తెరిస్తే ముందు కనిపించేది పేరే. అక్కడ ప్రిన్సిపాల్ పేరో హెచ్ఓడీ పేరో ఎవరైనా పెట్టుకోవచ్చు. ఆ పేరు మీద వేలు పెట్టి నొక్కితే అసలు చిరునామా వస్తుంది. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. మన దేశంలో చివర ఏసీ.ఇన్, ఈడీయూ.ఇన్ అని ఉండే పేర్లను విద్యాసంస్థలకు మాత్రమే ఈఆర్‌నెట్ ఇండియా అనే సంస్థ ఇస్తుంది. 'మాకాలేజీ.ఏసీ.ఇన్' అని ముగిస్తే అది కాలేజీది. 'మాకాలేజీ.ఏసీ.ఇన్.ఫీజుపోర్టల్.కామ్' అని ముగిస్తే అది ఫీజుపోర్టల్ అనే ఎవరిదో. ముందు ఎంత పొడుగు తోక తగిలించినా యజమాని చివర్లోనే ఉంటాడు. చుక్కల బదులు అడ్డగీతలు పెట్టి 'మాకాలేజీ-ఏసీ-ఇన్.కామ్' అనడం ఇంకో రకం.

కంపెనీల వడపోత లేదా అంటే ఉంది, బాగానే ఉంది. జీమెయిల్ రోజుకు దాదాపు 1,500 కోట్ల చెత్త మెయిళ్లను ఆపుతోందని, స్పామ్, ఫిషింగ్, మాల్‌వేర్‌లలో 99.9 శాతానికి పైగా లోపలికి రానివ్వడం లేదని గూగుల్ చెబుతుంది. మిగిలిన 0.1 శాతం ఎంత? ఆ లెక్కన రోజుకు కోటిన్నర దాకా. 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్లు తమ డొమైన్ తమదేనని సాంకేతికంగా రుజువు చేసుకోవాలని గూగుల్, యాహూ నియమం పెట్టాయి. మంచిదే. కానీ పైన చెప్పిన ఫీజుపోర్టల్ యజమాని తన డొమైన్ తనదేనని రుజువు చేసుకోవడానికి అడ్డేముంది?

అడిగినదాన్ని చూడడం ఎంత ముఖ్యమో కెనడాలోని ఎడ్మంటన్‌లో మక్‌యూవన్ విశ్వవిద్యాలయానికి 2017లో తెలిసింది. భవనాలు కట్టే కాంట్రాక్టర్ పేరుతో మెయిళ్లు వచ్చాయి: మా బ్యాంకు ఖాతా మారింది, ఇకమీదట డబ్బు కొత్త ఖాతాలో వేయండి. సిబ్బంది వేశారు. మూడు చెల్లింపుల్లో 1.18 కోట్ల కెనడా డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 60 కోట్ల రూపాయలు. అసలు కాంట్రాక్టర్ నా డబ్బేదని అడిగితే గాని సంగతి బయటపడలేదు. ఎక్కువ భాగం తర్వాత కెనడా, హాంకాంగ్ ఖాతాల్లో దొరకడం వాళ్ల అదృష్టం. ఖాతా మార్చమన్నప్పుడు పాత ఫైలులో ఉన్న నంబరుకు ఒక్క ఫోన్ చేసి ఉంటే మొదటి చెల్లింపే జరిగేది కాదు. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేస్తే మాత్రం ఎత్తేది దొంగే.

విద్యార్థులకు వచ్చేవి ఇంత భారీగా ఉండవు. హెచ్ఓడీ పేరుతో 'ఖాళీగా ఉన్నావా? చిన్న పని ఉంది' అని ఒకటే వాక్యం. తప్పు పట్టడానికి అందులో వ్యాకరణమే లేదు. జవాబిస్తే, మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ ఎత్తలేను, కొన్ని గిఫ్ట్ కార్డులు కొని కోడ్‌లు పంపు, సాయంత్రం ఇచ్చేస్తాను అని. మన దగ్గర పెద్దవాళ్లు అడిగితే కాదనడం కష్టం, ఎదురు ప్రశ్న వేయడం ఇంకా కష్టం. దొంగ పెట్టుబడి ఆ మొహమాటమే.

కొన్ని చూస్తే నవ్వొస్తుంది. 2024లో ఉత్తర అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులకు, సిబ్బందికి ఉచిత పియానో మెయిళ్లు వెల్లువెత్తాయి. ఇంట్లో ఒకరు పోయారు, ఆయన పియానో ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నాం, రవాణా ఖర్చు పెట్టుకుంటే చాలు అని. ఆ ఏడాది జనవరి నుంచి మే లోపే 1,25,000కు పైగా అలాంటి మెయిళ్లను ప్రూఫ్‌పాయింట్ సంస్థ గుర్తించింది. దొంగలు వాడిన క్రిప్టో ఖాతా ఒకదానిలోకి 9 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. పియానో మాత్రం ఎవరింటికీ రాలేదు.

తెలుగులో వచ్చే దొంగ సందేశాల దగ్గర మాత్రం భాష ఇంకా కొంత సాక్ష్యం చెబుతుంది, కాకపోతే తప్పు ఉందా లేదా అన్నది కాదు, ఏ రకం తప్పు అన్నది చూడాలి. మన గుమస్తా టైపు చేస్తే 'హాజరు కావలేను' అని దీర్ఘం తప్పుతుంది, ల-ళ, న-ణ తారుమారవుతాయి, ఒత్తు ఎగిరిపోతుంది. వాక్యం మాత్రం అచ్చంగా మన ఆఫీసు వాక్యమే. యంత్ర అనువాదంలో అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, 'ప్రియమైన విలువైన విద్యార్థి, మీ ఖాతా నిలిపివేయబడకుండా ఉండటానికి దయచేసి మీ గుర్తింపును నవీకరించండి' అంటుంది. ఏ కాలేజీ ఆఫీసూ విద్యార్థిని 'విలువైన' అని పిలిచిన పాపాన పోలేదు. ఈ తేడా కూడా రోజురోజుకూ తగ్గుతోంది.

పరీక్షలు వాయిదా అంటూ వాట్సాప్‌లో తిరిగే సర్క్యులర్లది ఇంకో కథ. కొన్ని పాత అసలు సర్క్యులర్లే, తేదీ మార్చినవి. భాష, ముద్ర, సంతకం అన్నీ నిజమైనవే కాబట్టి అక్కడ వెతికి లాభం లేదు. తేదీ పక్కన రాసిన వారం క్యాలెండర్‌తో సరిపోతుందా, ఆర్‌సీ నంబరులో ఉన్న సంవత్సరం ఇదేనా చూడాలి. తేదీ మార్చినవాడు వారం మార్చడం మరిచిపోతుంటాడు. అన్నిటికన్నా తేలిక, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో అదే సర్క్యులర్ ఉందో లేదో చూడడం.

ఒక్క రకం మెయిల్ విషయంలో ఈ పరిశీలనలేవీ విద్యార్థి చేయకూడదు. 2024 మే 1న ఢిల్లీ, చుట్టుపక్కల వందకు పైగా స్కూళ్లకు బాంబు ఉందని మెయిల్ వచ్చింది, అన్నీ ఉత్తివేనని సాయంత్రానికి తేలింది. అలాంటిది వస్తే భాష చూసి నిజమో కాదో తేల్చుకోవడం మన పని కాదు, 112కు చెప్పడమే.

దొంగ మెయిళ్లను గుర్తుపట్టడంలో తర్ఫీదు ఇస్తే పోతుందిగా అంటారు. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య విభాగంలో 19,500 మందికి పైగా ఉద్యోగులను ఎనిమిది నెలలపాటు పది రకాల ఉత్తుత్తి ఫిషింగ్ మెయిళ్లతో పరీక్షించారు. 2025లో వెలువడిన ఫలితం: తర్ఫీదు పొందినవాళ్లకూ పొందనివాళ్లకూ తేడా సగటున 1.7 శాతం. ఇలాంటి పరీక్షలు బెడిసికొట్టిన సందర్భమూ ఉంది. 2024 ఆగస్టులో శాంటాక్రజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో ఒకరికి ఎబోలా సోకిందంటూ తానే ఒక ఉత్తుత్తి మెయిల్ పంపింది. జనం బెంబేలెత్తిపోయారు, భద్రతా అధికారి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. రేపు నిజంగా ఆరోగ్య హెచ్చరిక వస్తే ఎవరు నమ్మాలి?

నా దృష్టిలో ఈ మోసాలను ఆపే బాధ్యతలో కాలేజీల వంతే ఎక్కువ. ఫీజు లింకును సొంత జీమెయిల్ నుంచి పంపే ఆఫీసు, ఓటీపీ ఫోన్‌లో చెప్పమనే గుమస్తా, నంబరూ తేదీ లేని నోటీసును ఫొటో తీసి గ్రూపులో పడేసే అధ్యాపకుడు, వీళ్లంతా దొంగకు కావలసిన అలవాట్లను విద్యార్థులకు ఉచితంగా నేర్పుతున్నారు. పైన లెక్కలో అసలు మెయిళ్లలో నూటికి ఒకటి అన్నామే, దాన్ని సున్నా చేయడం విద్యార్థి చేతిలో లేదు, ఆఫీసు చేతిలో ఉంది.

ఆలోచించుకునే వ్యవధి ఎంత తక్కువో వెరిజాన్ 2024 నివేదిక చెబుతుంది. మెయిల్ తెరిచాక లింకు నొక్కడానికి పట్టే మధ్యస్థ సమయం 21 సెకన్లు, వివరాలు కొట్టడానికి మరో 28. నిమిషంలోపే పని అయిపోతుంది. అదే నివేదికలో ఇంకో అంకె: పరీక్ష కోసం పంపిన మెయిళ్ల గురించి అధికారులకు చెప్పినవాళ్లు 20 శాతం, నొక్కేసినవాళ్లలో ఆ సంగతి చెప్పినవాళ్లు 11 శాతం.

ఆ 11 శాతంలో ఉండడం వల్ల లాభం ఉంది. ఒక్కరు చెప్పినా కంప్యూటర్ సెంటర్ ఆ మెయిల్‌ను మిగతా అందరి ఇన్‌బాక్సుల్లోంచి తీసేయగలదు. పాస్‌వర్డ్ ఇచ్చేసినవాళ్లు దాన్ని మార్చి ఊరుకోకుండా, మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ తెరిచి చూడాలి. దొంగ తన చిరునామా అక్కడ పెట్టి వెళ్లి ఉంటే, పాస్‌వర్డ్ మారినా మెయిళ్లు అతనికి పోతూనే ఉంటాయి. డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పిన ప్రకారం అన్ని రకాల సైబర్ మోసాలూ కలిపి 2023లో 7,465 కోట్ల రూపాయలు పోతే 2024లో 22,845 కోట్లు పోయాయి. 1930 వెనకున్న వ్యవస్థ 2021లో మొదలైనప్పటి నుంచి 2025 జులై నాటికి 17.82 లక్షల ఫిర్యాదుల్లో 5,489 కోట్లు కాపాడింది. ఫిర్యాదుకు సగటున 31 వేల రూపాయల దాకా అన్నమాట. దొంగ ఆ డబ్బును ఇంకో ఖాతాకు మళ్లించేలోపు ఫోన్ చేసినవాళ్లకే అందులో ఎక్కువ ఆశ.